నాయన ‘ఆనందోబ్రహ్మ’ క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన ఒంగోలు షాపు

అటక మీద పాత వీడియో క్యాసెట్లున్నవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నా. మా నాయన తొంభైల్లో దూరదర్శన్ నుంచి రికార్డు చేసుకున్న ఆరు వీహెచ్‌ఎస్ క్యాసెట్లని పోయిన నెల ఒంగోలులో ఒక షాపులో పెన్‌డ్రైవ్‌లోకి మార్పించాను. వాటిలో ఎక్కువ భాగం ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి కామెడీ సీరియల్ ‘ఆనందోబ్రహ్మ’. షాపుకి నా మార్కులు ఐదుకి నాలుగు. ఒక మార్కు ఎందుకు తగ్గించానో కింద చెప్తా, అది చదవకుండా మాత్రం క్యాసెట్లు పట్టుకుని పోవద్దు.

షాపు ఒంగోలులోనే, అద్దంకి బస్టాండు దగ్గర సందులో, మేడ మీద. కింద జిరాక్సు, పైన ఇతను. బోర్డు మీద పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు అని మాత్రమే ఉంటుంది, క్యాసెట్లు మారుస్తామని ఎక్కడా రాసుండదు. మా చెల్లెలి పెళ్లికి ఫోటోలు తీసినతను చెప్తే నాకు తెలిసింది. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోటానికి రెయిలింగ్ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. అందుకే నాయన్ని కింద టీకొట్టు దగ్గర కూర్చోబెట్టి నేనొక్కణ్ణే ఎక్కాను. ఐదు నిమిషాల్లో వెనకాలే మెల్లగా ఎక్కి వచ్చేశాడు. క్యాసెట్లు బయటివాళ్ల చేతిలో పెట్టేటప్పుడు తను పక్కన ఉండాలంట.

ఆయన అంతగా పట్టించుకోటానికి కారణముంది. అప్పట్లో నాయన అద్దంకిలో ఆఫీసు గుమాస్తా. మా బాబాయి కువైట్ నుంచి వస్తూ ఒక వీసీఆర్ తెచ్చిచ్చాడు. వీధి మొత్తానికి అదొక్కటే. అందరూ దాంట్లో సినిమాలు వేసుకుని చూడాలనుకుంటే నాయన మాత్రం దాన్ని టీవీలో వచ్చేవి పట్టుకోటానికి వాడేవాడు. ‘ఆనందోబ్రహ్మ’ వచ్చే పూట ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, కాళ్లు కడుక్కుని, మడత మంచం వాల్చి, వీసీఆర్ ముందు గొంతు కూర్చునేవాడు. రికార్డు, ప్లే రెండు బటన్లూ ఒకేసారి నొక్కాలి. నొక్కి, టేపు తిరగడం మొదలైందా లేదా అని అద్దంలోంచి చూసి, అప్పుడు మంచం మీదికి పోయేవాడు. యాడ్లు వస్తే మళ్లీ లేచి పాజ్ నొక్కేవాడు, టేపు దండగవకూడదని. ఒక్కో క్యాసెట్టు మూడు గంటలు, ఖరీదు కూడా ఆ రోజుల్లో మాకు తక్కువేం కాదు. ప్రతి క్యాసెట్టు వీపు మీద కాగితం అంటించి ఎర్ర బాల్‌పెన్నుతో ‘ఆ.బ్ర. 1’, ‘ఆ.బ్ర. 2’ అని రాసి పెట్టాడు. ఆఫీసు ఫైళ్ల మీద రాసే గుండ్రటి దస్తూరీ అది.

మూడో నంబరు క్యాసెట్టుది వేరే కథ. 1996 ప్రపంచకప్ సెమీఫైనల్, ఈడెన్ గార్డెన్స్‌లో మనకీ శ్రీలంకకీ జరిగిన మ్యాచ్, నేను పన్నెండేళ్లవాణ్ణి, ఇంట్లో ఖాళీ టేపు లేదు. మూడో నంబరు తీసి దాని మీద మ్యాచ్ రికార్డు చేశాను. మ్యాచ్ ఎట్లా ముగిసిందో అందరికీ తెలుసు. మర్నాడు నాయన చూసుకుని ఒక్క మాట కూడా అనలేదు. మిగిలిన క్యాసెట్లన్నీ మంచం మీద వరసగా పేర్చుకుని, స్క్రూడ్రైవర్‌తో వాటి వీపు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కని ఒక్కోటీ టక్ టక్ మని విరగ్గొట్టాడు. ఆ ముక్క లేకపోతే దాని మీద మళ్లీ ఎవరూ రికార్డు చెయ్యలేరు. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. షాపతను కూడా క్యాసెట్టు చేతిలోకి తీసుకోగానే ముందు ఆ విరిగిన చోటే వేలుతో తడిమి, ‘పెదనాయనా, వీటిని బాగా కాపాడుకున్నారు’ అన్నాడు. నాయన నా వైపు చూడలేదు. నేనే తల దించుకున్నాను.

ఇంత ప్రాణం ఎందుకు పెట్టుకున్నాడంటే, ధర్మవరపు మా జిల్లా మనిషి. బల్లికురవ మండలం కొమ్మినేనివారిపాలెం ఆయనది, 1954 సెప్టెంబరు 20న పుట్టాడు. ఒంగోలు శర్మా కాలేజీలో చదివాడు, మా నాయన కూడా అదే కాలేజీ. ఆయన్ని నేరుగా ఎరగడు, కానీ మనోడు అనే అంటాడు. ‘నేటి భారతం’, ‘ప్రతిఘటన’ తీసిన టి.కృష్ణ గారికి స్నేహితుడు, నాటకాల పిచ్చి, ఆ తర్వాత హైదరాబాదులో ప్రభుత్వోద్యోగం. మా నాయనకి అన్నిటికంటే నచ్చింది ఈ ఉద్యోగమే. పగలంతా ఫైళ్లు చూసి సాయంత్రం వేషం వేసుకునే మనిషి ఉన్నాడంటే, తనలాంటి గుమాస్తాలందరి తరఫునా అక్కడ ఒకడున్నట్టు లెక్క.

ఆ మాటకొస్తే మా వైపు ఇది కొత్త కాదు. ‘మాయాబజార్’లో చిన్నమయ వేసిన రమణారెడ్డి గారిది నెల్లూరు జిల్లా జగదేవిపేట, సినిమాల్లోకి రాకముందు ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టరు. నెల్లూరు, ఒంగోలు మనిషికి ఆఫీసూ తెలుసు, ఆఫీసు చుట్టూ తిరిగేవాడి అవస్థా తెలుసు. ఆ తెలిసినదంతా మొహంలోకి తెచ్చుకోవడమే వీళ్ల విద్య అని నాయన సిద్ధాంతం. నాకు ఇదివరకు అంత అనిపించేది కాదు. ఈ ఆరు క్యాసెట్లూ వరసపెట్టి చూశాక ఒప్పుకుంటున్నా.

చాలామందికి ధర్మవరపు అంటే సినిమాలే గుర్తు. జంధ్యాల గారి ‘జయమ్ము నిశ్చయమ్మురా’తో 1989లో మొదలు, ‘నువ్వు నేను’లో లెక్చరర్, ‘ఒక్కడు’లో పాస్‌పోర్ట్ ఆఫీసర్. ఇప్పటికీ రోజూ ఏదో ఒక కామెడీ ఛానల్లో వస్తూనే ఉంటాయి, ఫోన్లో రెండు నిమిషాల ముక్కలుగా తిరుగుతూనే ఉంటాయి. 1997లో ‘తోకలేని పిట్ట’ అని ఒక సినిమా డైరెక్ట్ కూడా చేశాడు. 2004లో వైఎస్ ప్రభుత్వం వచ్చాక రాష్ట్ర సాంస్కృతిక మండలి అధ్యక్షుడయ్యాడు. అయితే సినిమాలో ఆయనకి ఎప్పుడూ దొరికింది రెండు మూడు సీన్లు. హీరో గ్యాంగ్ వచ్చి ఏడిపిస్తుంది, ఆయన కోప్పడతాడు, పరువు పోగొట్టుకుంటాడు, కథ ముందుకి పోతుంది. అంత కొంచెం చోటులో అంత గుర్తుండిపోయాడంటే దానికి కావాల్సిన సాధన అంతా ముందు టీవీలో జరిగింది. సినిమావాళ్లకి అక్కరకొచ్చింది టీవీలో తయారైన మనిషే. నా బలమైన అభిప్రాయం ఇది.

టీవీలో ఆయన దగ్గర టైముంది. మాటని సాగదీసి, చివర ఆపి, ఎదుటివాడి మొహం చూసి, అప్పుడు మిగతా సగం వదులుతాడు. ఆ ఆగడం ఉంది చూశారూ, సినిమాలో ఎడిటింగ్ దాన్ని ఉంచదు. క్యాసెట్లో అది ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఉంది. ఇంకో సంగతి, ఆయన నవ్వడు. చుట్టూ అంతా నవ్వులాట జరుగుతుంటే ఆయన మాత్రం చాలా ముఖ్యమైన పని మీదున్న మనిషిలా ఉంటాడు. ఆ మాట తీరు మా అద్దంకి సంత దగ్గర, ఒంగోలు బస్సులో రోజూ వినేదే. చిన్నప్పుడు టీవీలో అది విని, మనం మాట్లాడేట్టే మాట్లాడుతున్నాడే అని మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడేది. బాధేంటంటే, సినిమా బిట్లు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, టీవీలో చేసినదంతా అట్లా దొరకదు. మా నాయనలాంటి వాళ్లు ఎంతమంది పట్టుకుని దాచారో అంతే మిగులుతుంది మనకి. అదీ బూజు పట్టకపోతే.

బూజు అంటే నిజంగానే బూజు. మా ఇంట్లో రెండు క్యాసెట్లకి పట్టింది. క్యాసెట్టుకుండే చిన్న కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లగా, పచ్చడి జాడీలో పైన కట్టేలాంటిదే. షాపతను వాటిని చూడగానే పక్కన పెట్టేశాడు, తన మంచి వీసీఆర్‌లో వెయ్యలేదు. వేస్తే ఆ బూజు లోపల టేపుని చదివే హెడ్‌కి అంటుకుని, తర్వాత వేసే ప్రతి క్యాసెట్టుకీ పాకుతుందంట. వీసీఆర్ హెడ్ నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది, ఆ వేగంలో చిన్న దుమ్ము రేణువు కూడా టేపుని గీస్తుంది. అందుకని బూజు పనికి వేరే పాత మిషనొకటి ఉంచుకున్నాడు. క్యాసెట్టు అడుగున ఐదు స్క్రూలు విప్పి, మూత తీసి, మెత్తటి గుడ్డ మధ్యలోంచి అరంగుళం వెడల్పు టేపుని మెల్లగా పోనిచ్చాడు, మధ్యమధ్యలో ఆగి గుడ్డ మార్చాడు, మిషన్లో టేపు తగిలే చోట్లన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాడు. మొదటి క్యాసెట్టు నా ఎదురుగానే చేశాడు. గుడ్డ మీద బూడిద రంగు గీతలు పడ్డాయి. నాయన కుర్చీలో ముందుకి వంగి, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న బంధువులా చూస్తా ఉన్నాడు.

ఎక్కించే పని కూడా మనమనుకున్నట్టు కాపీ పేస్ట్ కాదు. మూడు గంటల క్యాసెట్టు మూడు గంటలూ ఆడాలి, ఆడుతుంటే పక్కన కంప్యూటర్ పట్టుకోవాలి. ఆరు క్యాసెట్లకి పద్దెనిమిది గంటలు, అది కూడా మధ్యలో కరెంటు పోకుండా, టేపు నలగకుండా ఉంటే. బొమ్మ కింద గీతలు పాకుతుంటే ట్రాకింగ్ సరిచెయ్యాలి, దగ్గర మనిషుండాలి. కొత్త వీసీఆర్లు ప్రపంచంలో ఎక్కడా తయారు కావడం లేదు, ఆఖరి కంపెనీ 2016లో ఆపేసింది. ఇతని దగ్గరున్నవి మూడు, వాటిలో ఒకదాని విడిభాగాలు తీసి మిగతా రెండింటికీ వాడుతున్నాడు. అందుకే రేటు గురించి నేను బేరమాడలేదు. క్యాసెట్టుకి 350, బూజు పట్టినవాటికి ఇంకో వంద, మొత్తం 2,300 రూపాయలు. పెన్‌డ్రైవ్ నాది. ఇది ఎక్కువని నేననుకోను.

ఇక తగ్గించిన మార్కు సంగతి. ఐదు రోజులన్నాడు, పదకొండు రోజులు పట్టింది. పెళ్లిళ్ల సీజన్, అర్థం చేసుకోగలను, కానీ ఫోన్ చేసి చెప్పాలి కదా. నాయన రోజూ పొద్దున్నే వచ్చాయా అని అడిగేవాడు, నాకు టెన్షన్. మూడోసారి ఫోన్ చేస్తేగానీ ఎత్తలేదు.

అది చిన్నది. పెద్దది ఇది: మొదటిసారి ఇచ్చిన ఫైళ్లలో బొమ్మని పక్కలకి సాగదీశాడు. పాత టీవీ బొమ్మ నాలుగుకి మూడు నిష్పత్తిలో, దాదాపు చదరంగా ఉంటుంది, ఇప్పటి టీవీ వెడల్పు, అందుకని పక్కల నల్లపట్టీలు పడతాయి. తెర నిండాలని చెప్పి సాగదీస్తే మనుషులంతా పొట్టిగా, లావుగా అయిపోతారు. ఇంట్లో టీవీకి పెట్టి ఆన్ చెయ్యగానే నాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, ‘ఈయన ఆయన కాదురా’ అన్నాడు. మొహం మీద బతికిన నటుడు. ఆ కనుబొమ మెల్లగా లేవడం, ఆ పెదవి విరవడం, వాటి కొలత మారిపోతే ఇంక మిగిలిందేముంది. వెనక్కి తీసుకెళ్లి చెప్పాను. అందరూ నల్లపట్టీలు వద్దంటారన్నా, అందుకే అట్లా చేశా అన్నాడు. వాదించలేదు, అదనంగా ఒక్క రూపాయి అడగలేదు, రెండు రోజుల్లో మళ్లీ సరిగ్గా చేసిచ్చాడు. చేసిచ్చిన తీరుకి మార్కు మళ్లీ కలపాలనిపించింది, కానీ అడగనివాళ్లకి సాగదీసే ఇస్తున్నాడు కాబట్టి కలపలేదు. మీరు పోతే మొదటి మాటే చెప్పండి, పక్కల నల్లపట్టీలు ఉన్నా పర్లేదు, బొమ్మ సాగకూడదు అని.

ఇంకోటి కూడా చెప్పండి, ఏదీ కత్తిరించొద్దని. అతను మంచి ఉద్దేశంతోనే మధ్యలో ఖాళీగా వచ్చే చోట్లు, చుక్కలు వచ్చే చోట్లు తీసేస్తాడు. మాకవి కావాలి. పాజ్ ఆలస్యంగా నొక్కడం వల్ల పడిన సబ్బు యాడ్ ముక్కలు, వార్తలు మొదలవుతుండగా ఆగిపోయిన చోట్లు, ఇవన్నీ రెండోసారి ఉంచి ఇచ్చాడు. పెన్‌డ్రైవ్ పాత టీవీకి పెట్టేవాళ్లు ఇది గమనించండి: ఆ టీవీలు అడిగే ఫార్మాట్లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, కాబట్టి ఒక్కో క్యాసెట్టుని రెండు ముక్కలు చేయించుకుంటే గొడవుండదు. ఇది అతనే అడిగి మరీ చేశాడు. అన్నీ అయ్యాక తన కంప్యూటర్లో ఉన్న కాపీ మా ముందే తీసేశాడు. క్యాసెట్లు మాత్రం పారెయ్యొద్దు, నిలువుగా నిలబెట్టి, తడి తగలని చోట పెట్టుకోండి అని చెప్పి పంపాడు. వ్యాపారం కోసం చెప్పిన మాట కాదది.

సరిచేసిన ఫైళ్లు ఆదివారం రాత్రి వేశాం. నాయనకి ఇప్పుడు ఎడమ కంట్లో చూపు సరిగ్గా లేదు, టీవీకి దగ్గరగా కుర్చీ వేసుకున్నాడు. ‘ఆ.బ్ర. 2’లో ధర్మవరపు తెర మీదికి రాగానే ఏమీ మాట్లాడలేదు, చేత్తో నా మోకాలి మీద తట్టాడు. రంగులు కొంచెం ఎరుపు తిరిగాయి, అంచులు అలలా ఊగుతున్నాయి, గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. మా పిల్లలు పదేళ్ల లోపువాళ్లు, వాళ్లకి ఈయన ఫోన్లో వచ్చే మీమ్స్ మనిషి. మొదట్లో బొమ్మ బాలేదని గొణిగారు. పది నిమిషాలయ్యాక చిన్నవాడు ఆయన మాట సాగదీసినట్టు సాగదీసి వాళ్ల అక్కని పిలిచాడు, పిలిచి సరిగ్గా ఆగాల్సిన చోట ఆగాడు. ఎవరూ నేర్పలేదు వాడికి.

2013 డిసెంబరు 7న ఆయన పోయాడు, కేన్సర్. అంతకు నెల ముందే ఇంకో కమెడియన్ ఏవీఎస్ గారు పోయారు. ఆ చలికాలం మా నాయన టీవీలో కామెడీ సీన్లు వస్తే లేచి వెళ్లిపోయేవాడు. క్యాసెట్లు అటకెక్కింది కూడా అప్పుడే, అప్పటిదాకా బీరువాలో బట్టల కింద ఉండేవి. అటక మీద వానాకాలం చెమ్మ, అక్కడే పట్టింది ఆ బూజు. ఇంకో రెండేళ్లు ఆలస్యం చేస్తే ఈ రెండూ పోయేవని షాపతను చెప్పాడు.

‘ఆ.బ్ర. 2’ చివర్లో ఒకచోట బొమ్మ ఉన్నట్టుండి తెగిపోతుంది. కరెంటు పోయింది ఆ రోజు. తిరిగొచ్చి నాయన మళ్లీ బటన్లు నొక్కేలోపు సీను ఎటో వెళ్లిపోయింది, మధ్యలో కొంత లేదు. ఆదివారం అక్కడికి రాగానే నేను రిమోట్ తీసుకోబోతే నాయన ఆపి, ఆ పోయిన కాసేపట్లో ఏం జరిగి ఉంటుందో తనే చెప్పాడు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఊహించుకున్నాడో గానీ, ధర్మవరపు గొంతులో, అదే సాగదీతతో, ఎదుటివాళ్ల మాటలతో సహా చెప్పాడు. నేను ఫోన్లో రికార్డు చేశాను, ఆయన చూసుకోలేదు. దాన్ని కూడా ఆ చోట అతికించగలడా అని షాపతన్ని అడిగాను. వేరే ఫైలుగా పెడదామన్నా, అసలుదాన్ని ముట్టుకోవద్దు అన్నాడు. సరైన మాటే. పెన్‌డ్రైవ్‌లో ఇప్పుడు అది ‘ఆ.బ్ర. 2 – నాయన’ అని ఉంది.

షాపు పొద్దున పదిన్నరకి తీస్తాడు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఉండడు, ఆదివారం సెలవు. పెళ్లిళ్ల ముహూర్తాలు లేని నెలల్లో వెళ్తే పని తొందరగా అవుతుంది. మూడో నంబరు క్యాసెట్టు వచ్చే వారం తీసుకెళ్తున్నా. మ్యాచ్ అయిపోయాక టేపు చివర్లో ఇంకో ఇరవై నిమిషాలు పాతదే మిగిలి ఉందని మొన్న కిటికీలోంచి చుట్ట మందం చూసి నాయన అంటున్నాడు.